అమ్మ ఎంచిన సెల్ఫు మోటారు

మొన్న ప్రొద్దుటూరులో మనవడి స్కూటరు బాగుచేయించుకోవడానికి పోయి, ఒక చిన్న మోటార్ల అంగడి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. లోపల ఎవరో రాగితీగ చుట్టకు వార్నిషు పూసి ఎండకు పెట్టారు. వేడెక్కిన వార్నిషూ, పాత గ్రీజూ, రాగీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలేసరికి నేను మళ్లీ లంగా జాకెట్టు తొడుక్కున్న పిల్లనై, మా ఇంటి వసారాలో గోనెపట్టా మీద పెట్టిన ఒక నల్లని ఇనుప దిమ్మె ముందు గొంతుక్కూర్చుని, ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నాను.

ఆంధ్రరాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాయనకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉండేది. ఊరు వదిలిపోతున్న ఒక దొర దగ్గర కొన్న పాత అమెరికా కారులో చీరల మూటలు వేసుకుని జమ్మలమడుగుకూ, పులివెందులకూ పోయి వచ్చేవాడు. కప్పకళ్లలాంటి దీపాలు, బుర్రమీసంలా వంగిన ముందు రేకులు, ఎండకు కాగి తోలువాసన కొట్టే సీట్లు. వేసవి మధ్యాహ్నాలు, పెద్దవాళ్లు ఓళిగలు తిని నడుం వాల్చినప్పుడు, ఆ కారే మా ఆడపిల్లల ఇల్లు. వెనక సీటు మీద అచ్చనగండ్లు ఆడుకుంటూ, జేబుల్లోంచి బొరుగులూ బెల్లమూ తీసి పంచుకుంటూ, ఒకరు తోలుతున్నట్టు చక్రం తిప్పుతుంటే మిగిలినవాళ్లం గండికోట పోతున్నామనీ, కొండ ఎక్కుతున్నామనీ కేకలు పెట్టేవాళ్లం.

ఆ కారుకు సెల్ఫు ఉండేది. డ్రైవరు కాలి దగ్గర పైకి పొడుచుకొచ్చిన గుండీని పాదంతో తొక్కితే లోపల మోటారు తిరిగి ఇంజన్ను లేపేది. మేము కొన్న కొన్నాళ్లకే అది పాడయింది. అప్పటి నుంచి నాయన ముందువైపు హ్యాండిల్ దూర్చి, ధోవతి బిగించి, బలంగా తిప్పి బండిని లేపేవాడు. అమ్మకు బండి తోలడం వచ్చు. నాయనే సరదాపడి పెన్న ఒడ్డున బండ్లబాటలో నేర్పించాడు. ఊళ్లో తోలితే నలుగురూ ఏమంటారోనని నాయన తల్లి, మా అవ్వ సణిగినా, అమ్మ చక్రం పట్టుకుంటే కారు నీళ్ల మీద పోయినట్టు పోయేది. అయితే ఆ హ్యాండిల్ తిప్పడం మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు. తోలడం వచ్చిన మనిషి, బండి లేవకపోతే ఏం చేస్తుంది?

ఆ యేడు ఉగాది దాటాక మా లక్ష్మత్త కాన్పుకు వచ్చింది. నాయనకు ఒక్కతే చెల్లెలు. తొలిచూలప్పుడు నొప్పులు మొదలై ఎద్దులబండి కట్టి, జమ్మలమడుగు ఆసుపత్రి చేరేసరికి బిడ్డ దక్కలేదు. ఈసారి కారుంది గదా అని నాయన ధైర్యం చెప్పి పిలుచుకొచ్చాడు. అత్త రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చుని ఆ కారు వైపు చూస్తూ ఉండేది.

ఒక ఉదయం నాయన హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజను ఎదురు తన్నింది. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి ఆయన కుడిచెయ్యి విరిచింది. చేతికి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన నాయనను చూసి అత్త లోపలికి పోయి గోడకు తిరిగి పడుకుంది. ఆ హ్యాండిల్ ముట్టడానికి వీధిలో ఇంకెవరూ ముందుకు రాలేదు. అమ్మ ఒక్కతే వాకిట్లోకి వచ్చి, "సెల్ఫు ఏపిచ్చాల" అంది.

పాత మోటారుకు తీగ మళ్లీ చుట్టించారు. చల్లగా ఉన్నప్పుడు తిరిగి, వేడెక్కితే మూగబోయేది. కార్లు బాగుచేసే మస్తాన్ మామ జమ్మలమడుగులో మిలిటరీ లారీ సెల్ఫు మోటారు ఒకటి ఉందన్నాడు. శానా బలమైనదనీ, కొంచెం అరగదీస్తే పడుతుందనీ అన్నాడు. నాయన సరేనన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. ఆమె పుట్టింటివాళ్లది బంగారు నగల వ్యాపారం. మైనంతో అచ్చు తీసి, నగల మీద ఆకులూ పిందెలూ తీర్చడం చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగిన మనిషి. కంసాలి దగ్గర ముద్ద మైనం తెప్పించి, మోటారు ఊడదీసిన కంతలోంచి చెయ్యి పెట్టి, ఇంజను పెద్దచక్రం పండ్ల మీద గట్టిగా అదిమింది. తీసి చూస్తే మైనంలో వరసగా సన్నని గట్లు లేచి ఉన్నాయి. పండ్ల మధ్య సందులవి. కొత్త మోటారుకుండే చిన్నచక్రం పండ్లు సరిగ్గా ఆ సందుల్లో దూరితేనే ఇంజను తిరుగుతుంది.

లారీ మోటారు ఇంటికి వచ్చింది. అమ్మ దాని పండ్ల పక్కన మైనం పెట్టి చూసింది.

"మస్తానన్నా, దీని పన్ను లావు. సందులో దూరదు."

"ఆకురాయితో రుద్దితే పోతాది గదమ్మా."

"రుద్దితే ఇయ్యాల తిరుగుతాది. రేపు పెద్దచక్రం పండ్లే రాలగొడ్తాది. అప్పుడు లక్ష్మిని ఎవురు మోసకపోతారు?"

మస్తాన్ మామ తల గోక్కుని, పులివెందులలో అచ్చం ఇలాంటి కారే ఒకటి చాలాకాలంగా కొట్టంలో పడి ఉందని చెప్పాడు. యజమాని చనిపోయాడు. ఆయన భార్య రంగమ్మవ్వ దాన్ని ఎవరినీ ముట్టనివ్వదట.

మరునాడు అమ్మా, నేనూ, మస్తాన్ మామా బస్సెక్కాము. మైనం అచ్చును తడిగుడ్డలో చుట్టి, ఇత్తడి డబ్బాలో పెట్టి అమ్మ ఒళ్లో పెట్టుకుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. బస్సు ఆగిన ప్రతిచోటా మస్తాన్ మామ దిగి చెంబుతో నీళ్లు తెచ్చేవాడు, అమ్మ గుడ్డ తడిపేది. ముద్దనూరు దాటాక నల్లరేగడి చేల మీద గాలి సెగలు సెగలుగా ఆడుతుంటే, ఆ డబ్బాలో మా అత్త ప్రాణమే ఉందన్నట్టు నేను దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

రంగమ్మవ్వ మాకు జొన్నరొట్టె, ఊరుబిండి పెట్టింది. వచ్చిన పని చెప్పగానే ముఖం ముడుచుకుంది.

"ఆయప్ప పోయినాక దాన్ని ఎవురూ ముట్లేదు. తునకలు చేసి ఇయ్యను."

అమ్మ బతిమాలలేదు. లక్ష్మత్త తొలి బిడ్డ గురించి చెప్పింది. ముసలామె రొట్టె తట్టడం ఆపి వింది.

"మీ ఆయన చెయ్యి ఇరిగిందంటాండావు. మరి తోలేదెవురు?"

"నేనే తోల్తానవ్వా. లేపేదే నాకు చేతగాదు."

"ఆడదానివి, నువ్వు తోల్తావా?"

"తోల్తా."

రంగమ్మవ్వ చేతుల పిండి దులుపుకుని లేచి, కొంగుకు కట్టుకున్న బీగంచెవి విప్పింది. కొట్టం తలుపు తీస్తే కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ బయటికి వచ్చాయి. దుమ్ము కింద మా కారు లాంటిదే ఇంకొకటి కనబడేసరికి నేను దాని చుట్టూ తిరిగి చూశాను. లోకంలో మా కారు ఒక్కటే అనుకునేదాన్ని. మస్తాన్ మామ కిందికి దూరి, చెమటలు కారుస్తూ మోటారు ఊడదీశాడు. అమ్మ తడిగుడ్డ విప్పింది. అచ్చు అంచులు మెత్తబడ్డాయి గానీ గట్లు నిలిచే ఉన్నాయి. పన్ను పక్కన గట్టు, గట్టు పక్కన పన్ను. రెండూ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి.

"ఇదేనన్నా" అంది అమ్మ.

రంగమ్మవ్వ దుడ్ల మాట ఎత్తనివ్వలేదు. "పొద్దన్నే ఆయప్ప గుండీ తొక్కితే వంటింట్లోంచే ఇంటాంటి, పయనమైనాడని. అది మళ్లా పలికినప్పుడు ఒగసారి నాకు ఇనిపీండి. అంతే" అంది.

ఇంటికి తెచ్చి, వసారాలో గోనెపట్టా మీద పెట్టి, మస్తాన్ మామ దాన్ని విప్పి శుభ్రం చేశాడు. లోపల రాగి, నగల పెట్టె తెరిచినట్టు ధగధగలాడింది. మళ్లీ మూసి, బ్యాటరీ తీగలు తగిలించగానే చిన్న నిప్పురవ్వ లేచింది. ఆ నల్లని దిమ్మె నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినట్టు ఒక్క ఎగురు ఎగిరి, రయ్యిమని తిరిగింది. నేను కేకపెట్టి అత్త వెనక దాక్కున్నాను. అత్త నవ్వింది. ఇంటికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

అది బిగించిన వారం లోపలే, మిట్టమధ్యాహ్నం అత్తకు నొప్పులు మొదలయ్యాయి. అమ్మ వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చి, అత్తను వెనక సీటులో పడుకోబెట్టి, చక్రం ముందు కూర్చుంది. మెట్టెలు పెట్టుకున్న ఆ పాదం గుండీ మీద ఆనింది. కారు గుర్రుమంది, వణికింది, లేచింది. వీధి వీధంతా గడపల్లోకి వచ్చి నిలబడింది. సణిగే మా అవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది, దేవుడికో, అమ్మకో నాకు తెలియలేదు. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతుండగా నాయన పక్కన కూర్చున్నాడు. జమ్మలమడుగు బాట మీద లేచిన దుమ్ము చాలాసేపటి దాకా అణగలేదు. సాయంత్రానికి ఆడబిడ్డ పుట్టిందని, తల్లీ బిడ్డా క్షేమమని కబురొచ్చింది.

పురుడు వెళ్లాక అమ్మ ఆ కారును పులివెందులకు తోలుకుపోయింది. అత్త, ఒళ్లో పాప, వెనక నేను. రంగమ్మవ్వ వాకిట్లో నిలబడింది. అమ్మ ఇంజను ఆపి, మళ్లీ గుండీ తొక్కింది. మోటారు పలికింది. ముసలామె కళ్లు మూసుకుంది.

"ఇంగోసారి."

అమ్మ మళ్లీ ఆపి, మళ్లీ తొక్కింది. రంగమ్మవ్వ దగ్గరికి వచ్చి, పాప తల నిమిరి, వేడెక్కిన కారు రేకు మీద అరచెయ్యి ఆనించింది.

"చాలమ్మా. ఇంగ నిలపొద్దు. ఇట్లే పొండి" అంది.

మేము బండి ఆపకుండానే వెనక్కి తిరిగాము.

అమ్మ పోయి ఏళ్లయింది. ఆ జమ్మలమడుగు బాట ఇప్పుడు వెడల్పుగా, నున్నగా ఉంది. కార్లు ఒకదాని వెనక ఒకటి చప్పుడు లేకుండా జారిపోతుంటాయి. వాటిలో ఆడపిల్లలు ఒంటరిగా తోలుకుపోతుంటే ఎవరూ తలతిప్పి చూడరు, నాకు సంతోషమే. కానీ వంటింట్లో రొట్టె తడుతూనే, బయట పలికిన చప్పుడును బట్టి తనవాడు పయనమయ్యాడని తెలుసుకునే చెవులు ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేవు.