ఉత్త వెలుగు

నా చిన్నప్పుడు మా ఇళ్ళల్లో ఫోటో అంటే పెళ్ళికే. రీలు ఖరీదు కాబట్టి ఎవరు పడితే వాళ్ళు కెమెరా ముందు నిలబడతామంటే ఊరుకునేవాళ్ళు కాదు. పెద్దయ్యాక నేనే రావులపాలెంలో స్టూడియో పెట్టాను, రీళ్ళ కాలం పోయాక మూసేసుకున్నాను. ఆ పనిలో నాకు మొదటి పాఠం చెప్పింది మా మావయ్య. గురువని దండం పెట్టమంటే మాత్రం పెట్టను.

మా పిన్ని పెళ్ళి పొద్దుటి ముహూర్తం. తాతయ్య లేరు కాబట్టి మావయ్యే పెళ్ళిపెద్ద. కన్నతల్లి అయిన మా అమ్మమ్మ మాత్రం తాళి కట్టేవేళ కూడా వెనక వంటపందిట్లోనే ఉండిపోయింది. భర్త పోయిన మనిషి శుభకార్యంలో ఎదురుపడకూడదట. కని పెంచడానికి పనికొచ్చింది గానీ పక్కన నిలబడటానికి పనికిరాలేదు! భోజనాలయ్యాక కొత్త నేతచీర కట్టుకుని వచ్చి, “బాబుగారూ, మా పిల్లతో నాకొక్కటి తీద్దురూ,” అని ఫోటోగ్రాఫరుని అడిగింది. పిన్ని ఆవిణ్ణి దగ్గరికి లాక్కుంది. ఎదురుగా ఉన్న మావయ్య తన చెవి తనే పట్టుకుని లాగాడు. ఫ్లాషు వెలిగింది. ఆ వెలుగుకి కళ్ళు మూసేసుకున్నానేమోనని అమ్మమ్మ సాయంత్రం దాకా అందర్నీ అడుగుతూనే ఉంది.

కొన్నాళ్ళకి ఆల్బమ్ వచ్చింది. అందరూ చూశాక అమ్మమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా తిప్పింది, మళ్ళీ మొదటినుంచి తిప్పింది. “నీ ఫోటో ఉన్న రీలు ముక్క మీద లైటు పడి పాడైపోయిందంటమ్మా,” అన్నాడు మావయ్య, పేపర్లోంచి తలెత్తకుండా. నమ్మింది వెర్రితల్లి. మసగ్గా వచ్చినా పర్వాలేదు, కడిగి ఇమ్మందామని నన్ను వెంటేసుకుని స్టూడియోకి బస్సెక్కింది.

ఫోటోగ్రాఫరు తెల్లబోయాడు. “పాడవడమేంటండి మామ్మగారూ? అది అసలు తియ్యలేదు కదండీ!” అంటూ ఫ్లాషు తెచ్చి, దాని వెనకున్న చిన్న బటన్ నొక్కాడు. కెమెరా ముట్టుకోకుండానే గదంతా వెలిగింది. రీలు ఖర్చవదు, నిలబడ్డవాళ్ళు సంతోషిస్తారు. ఎవరికి ఇలా ఉత్త వెలుగు కొట్టాలో పెళ్ళివారే ముందుగా సైగ చెప్పి ఉంచుతారట. “చెవి లాగితే తియ్యొద్దని మీ అబ్బాయిగారే చెప్పారండి. మగపెళ్ళివారు ఆల్బమ్ చూస్తే బాగోదన్నారు. మీకు తెలుసనుకున్నాను,” అని నవ్వేశాడు.

అమ్మమ్మ నన్ను తీసుకుని బయటికి వచ్చేసింది. బస్టాండుకి వచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఇంట్లో అనకే తల్లీ. వాడు చిన్నబుచ్చుకుంటాడు,” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అవమానం చేసినవాడు నొచ్చుకోకుండా చూసుకోవడం కూడా అవమానపడ్డ మనిషి పనేనా?

తరవాత నా స్టూడియోలో ఉత్త వెలుగు కొట్టమన్నవాళ్ళని గుమ్మంలోంచే పంపేశాను. కొన్ని పెళ్ళిళ్ళు చేజారిపోయాయి, పోతే పోయాయి. కానీ అమ్మమ్మ నాచేత కూడా తీయించుకోలేదు. ఎంత బతిమాలినా, కెమెరా ఎత్తితే చాలు, “నాకెందుకే ఫోటో,” అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది.

ఆవిడ పోయాక, పదకొండో రోజున దండ వెయ్యడానికి ఫోటో కావాలని మావయ్య నా దగ్గరికే వచ్చాడు. “ఇంత స్టూడియో నడిపావు, ఒక్కటైనా ఉండదా? మా అమ్మ ఎలా ఉండేదో నా మనవలకి ఏం చూపించనే?” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“పిన్ని పెళ్ళిలో నిలబడిందిగా మావయ్యా. మీరే వద్దన్నారు,” అన్నాను, చుట్టాలందరూ వినేలా.

ఆయన అక్కడే కూలబడిపోయాడు. నాది రాతిగుండె అన్నారు చుట్టాలు. అనుకోనివ్వండి. ఖాళీ కుర్చీకి దండ వేసి కార్యం కానిచ్చారు. ఆ పూట ఆయన్ని చూస్తే నాకు జాలి కలగలేదు. ఆయన కూడా పోయి చాలా ఏళ్ళయింది, ఇవాళ్టికీ కలగడం లేదు.