రాజవ్వ గిల్లిన నూట పద్నాలుగు మొగ్గలు

2016 మార్చి 14, సోమవారం నాడు బోథ్ దగ్గరి పండ్ల పరిశోధన కేంద్రంలో సీనియర్ శాస్త్రవేత్తనైన నాకు ఏడో నంబరు షెడ్డు అప్పగించారు. అందులో జన్యుమార్పిడి చేసిన సంత్రా మొక్కలు ఇరవై రెండు. మామూలుగా గింజ నుంచి మొలిచిన సంత్రా పూతకు రావడానికి ఏడేళ్లు పడుతుంది. తెగులు తట్టుకునే రకం తీయాలంటే నాలుగు తరాలు సంకరం చేయాలి, అంటే ఇరవై ఎనిమిదేళ్లు. నాకు మిగిలిన సర్వీసు ఆరేళ్లు. వేరే చెట్టు నుంచి తీసిన పూత జన్యువును ఎక్కిస్తే మొక్క ఏడాదిలోపే పూస్తుంది. చివరి తరంలో ఆ జన్యువు లేని మొక్కలనే ఏరుకుంటాం కనుక అది రైతు తోటలోకి పోదు.

ఇదంతా కూలీలకు చెప్పాలని రెండుసార్లు రాసి ఇచ్చాను. జన్యుమార్పిడి పంటలంటే ఊళ్లల్లో వ్యతిరేకత ఉందని మా హెడ్ ఒప్పుకోలేదు. "వీళ్లకు చెప్తే పొద్దుగూకేవరకల్లా ముచ్చట బోథ్ అంగడిల ఉంటది. ఎల్లుండి గేటు ముంగట ధర్నా," అన్నారు. తలుపు మీద అంకె తప్ప ఏమీ రాయవద్దన్న ఆర్డరు మీద నేనూ సంతకం పెట్టాను.

2017 ఫిబ్రవరి 13న మొగ్గలు లెక్కపెట్టాను. నూట పద్నాలుగు. మర్నాడు సంకరం చేయడానికి పుప్పొడి తీసుకుని వెళ్తే ఒక్కటీ లేదు. పదిహేడేళ్లుగా రోజుకూలీకి చేస్తున్న రాజవ్వ అన్నిటినీ గోటితో గిల్లి, గంపలో పోసి, తడిగుడ్డ కప్పింది.

నేను అరిచాను. ఆమె బెదరలేదు. "నువ్వే నేర్పితివి గద మేడమ్, మూడేండ్లదాక పూత ఉంచొద్దని. ఏడాది పిల్లకు పెండ్లి చేస్తరా ఎవలన్న?"

నిజమే. తోటలోని అంటు మొక్కలు రెండేళ్లకే పూస్తాయి కనుక, లేత చెట్టు బలం పూతకు పోకుండా మొగ్గ గిల్లడం నేనే నేర్పాను.

హెడ్ ఆ సాయంత్రమే ఆమె పేరు మస్టర్ రోల్ నుంచి కొట్టేయమన్నారు. ఆయన మీద ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. రిపోర్టులో మూడే వాక్యాలు రాశాను: గిల్లడం నేర్పింది నేను. చెప్పొద్దన్నది మీరు. పేరు కొట్టేయాలంటే మన ఇద్దరి తర్వాతే ఆమెది. "నన్ను బెదిరిస్తున్నవా అమ్మా?" అన్నారాయన. పై ఆఫీసుకు కాపీ పంపానని చెప్పాను. పేరు ఉండిపోయింది.

మరుసటి రోజు రాజవ్వను షెడ్డులో నిలబెట్టి అంతా చెప్పాను. "గిది ముందుగాల్నే చెప్తే నీ సొమ్మేం పోయేది?" అంది. ఊళ్లో ఎవరూ ధర్నాకు రాలేదు.

మళ్లీ పూత సెప్టెంబరులో వచ్చింది. చెప్పడానికి పట్టింది ఐదు నిమిషాలు. చెప్పనందుకు పోయింది ఏడు నెలలు.