స్లాబు రోజు

కామాఠిపుర చాల్‌లో ఒంటిగది ఇంట్లో ఉండే అంజిలమ్మ ఇరవయ్యేళ్లుగా కూలీల వరుసలో నిలబడి స్లాబుకు తట్టలందిస్తోంది. ఆమె అరచేతుల్ని సిమెంటు తినేసింది. స్లాబు పోసేముందు కొబ్బరికాయ కొట్టి కూలీలందరికీ బొట్టు పెడతారు. యేసును నమ్ముకున్నప్పటి నుంచి ఆమె ఆ కాసేపు మిక్సరు వెనక్కి తప్పుకునేది. నాగ్‌పాడాలో బిల్డింగు పనిలో, దాన్ని కట్టిస్తున్న సేటు అది చూసి, ఎందుకని అడిగాడు.

మేస్త్రీ కుర్మయ్య గొంతు తగ్గించాడు. "ముట్టయిందని చెప్పు అక్కా. యేసు మాట తీస్తే పని పోతది."

"ముట్టుడిగి ఆరేండ్లాయె కుర్మయ్యా, ఎవడు నమ్ముతడు?"

ఆడవాళ్లు నవ్వారు. ఆమె సేటు వైపు తిరిగి, తాను యేసయ్యను నమ్ముకున్నానని, బొట్టు పెట్టుకోనని వచ్చీరాని హిందీలో చెప్పింది. సేటు మేస్త్రీని చూశాడు.

పూజ అయ్యాక అంజిలమ్మ తన చోట నిలబడి చేతులు చాపింది. మేస్త్రీ సైగ చేశాడు. ఆమెకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమె ముందుకొచ్చి, వరుసలో ఆమె చోటు మూసేస్తూ ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. తట్టలు కదిలాయి. ఆమె చేతులు కాసేపు అలాగే ఉన్నాయి.