వంకరపోయిన ఉలి

ఈడ కూచో నాయనా. ఆ ఫోన్లో రాసుకుంటే రాసుకో గానీ మధ్యలో ఇంగోటి చూడాకు. సరిగ్గా ఇను.

మీ జేజినాయనకు ఎడమ కన్ను ఎట్ల పోయిందని అడిగితివి గదా. రాయి తగిలి పోయిందంటారు మనోళ్లు. రాయి గాదు, ఉలి.

బేతంచెర్లలో మాకు కొలిమి ఉండె. నాపరాయి గనుల్లో పనిచేసేటోళ్లకు ఉలులు, గడ్డపారలు చేస్తాంటిమి. కొలిమికి పెద్ద మా మామ, నా మొగుని నాయన. నేను నిప్పు రాజెయ్యను గాలిమర తిప్పుతాంటి, మీ జేజినాయన కాల్చి, కొట్టి, పదును పెడతాండె.

ఒగ దినం లారీ కమానుకట్ట ముక్కతో ఉలి చేసినాడు. ఎర్రగా కాలినదాన్ని నీళ్లలో ముంచితే వంకరపాయ. నిలువుగా ముంచల్ల. రవ్వంత వాలినా ఒగ పక్క ముందు సల్లబడి రెండో పక్కను లాగేస్తాది.

"మళ్లీ కాల్చి, మెత్తగున్నప్పుడు సరిచేస్తా నాయనా. పదునెక్కినాంక కొడితే వంగదు, లోపల చీలతాది" అన్యాడు వాళ్ల నాయనతో.

"బొగ్గులు నీ పెండ్లాం పుట్టింటి నుంచి తెస్తాదా?" అని మామ పటకారు గుంజుకున్యాడు. సల్లటిదాన్నే దాగలి మీద పెట్టి కొట్టినాడు. చక్కగయిపాయ. పెండ్లికొడుకు మాదిరుండె చూసేదానికి. తెల్లారేదాకా ఆ ఉలి నీళ్లతొట్టి పక్కన్నే పడుండె.

గనిలో ఒగ పద్ధతి. కొత్త ఉలి ఎవరు చేస్తే వాళ్లే మొదటి దెబ్బలకు పట్టుకోవల్ల, గనోళ్లు సమ్మెటతో కొడతారు. చెడ్డ ఉలయితే చేసినోనికే తగలల్లని. మర్సనాడు గనికాడ మామ తన కొడుకును ముందుకు తోసి, "నువ్వే పట్టు. చీలతాదంటివి గదా, చూద్దాం" అన్యాడు. అందరూ నగినారు. మీ జేజినాయన పట్టుకున్యాడు. నా పక్క చూడల్యా.

రెండో దెబ్బకు ఇరిగి, ముక్క కంట్లో దిగింది. మామ తన కొడుకు కాడికి పోల్యా, కింద పడిన ముక్క కాడికి పోయినాడు. ఇరిగినకాడ నేనూ చూసినా. సగం తెల్లగ మెరుస్తాండాది, సగం తుప్పు. ముందుదినమే చీలి, తేమ దూరిందది. మామ దాన్ని జోబులో ఏసుకొని, "వాలిచ్చి ముంచినాడు, వానిదే తప్పు" అన్యాడు గనోళ్లతో. నెత్తురు కారుతా కూచున్నోనికి ఇనపడేటట్టే అన్యాడు.

కర్నూలు ఆసుపత్రిలో కన్ను తీసేసిరి. ఇంటికి తెచ్చిన మర్సనాడే మామ, "గనోళ్లకు ఇంగో ఉలి కావల్ల, కొలిమి ముట్టియ్" అన్యాడు నాతో. ముట్టిచ్చినా. నేనే కాల్చినా, నేనే కొట్టినా, నేనే ముంచినా. అదీ వంగె. మామ సుత్తి ఎత్తినాడు.

"కొట్టు మామా" అన్యా. "కొట్టి, గనిలో నువ్వే పట్టుకో."

సుత్తి దించినాడు.

"బొగ్గులు పొయ్. గాలిమర నువ్వే తిప్పు" అన్యా.

తిప్పినాడు. కొలిమి ఎర్రబడినా నేను ఆపమనల్యా. మామ అరచేతులు బొబ్బలెక్కినాయి. మీ జేజినాయన కన్నుకు కట్టుతో గడపకాడ కూచొని ఇంటాండె. నాకు జాలి రాల్యా నాయనా, ఇప్పటికీ రాదు. "ఇంగ చాలునా అమ్మీ" అని మామ నన్నడిగె. అప్పుడు నేను ఏమన్యానంటే, "మామా, ఆ కన్ను తిరిగొచ్చేదాకా—"

"అత్తా, పిల్లోనికి కథలు చాలు, సంగటి సల్లారతాంది, రా!"