వేళ్లు పట్టుకోమన్న నర్సమ్మ

మార్కాపురం ఆసుపత్రిలో, పక్షవాతం వచ్చినవాళ్లకు రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాడు, ఆ నర్సమ్మ వాళ్ల అరచేతిలో తన రెండు వేళ్లు పెట్టేది. "గట్టిగా పట్టుకో పెద్దాయనా" అనేది. ఆ పట్టును బట్టి ఎవరు కోలుకుంటారో చెప్పేది.

మా నాయన చేతిలో ఆమె వేళ్లు చాలాసేపు ఉన్నాయి. ఆ చెయ్యి కదల్లేదు.

"మళ్లా మేకల కాడికి పోతాడా తల్లీ?" అని అమ్మ అడిగింది.

"పోలేడమ్మా. ఇంక ఆయన్ని చూసుకోవాల్సింది నువ్వే. ముందు నువ్వింత తిను."

మా అన్న నర్సమ్మ మీద అరిచాడు. ఆమె తల వంచుకుంది గానీ, అమ్మ భుజం మీది చెయ్యి తియ్యలేదు.

ముందు రోజు నుంచి మెతుకు ముట్టని అమ్మ, ఏడుస్తూనే అన్నం కలుపుకుంది.

నాలుగేళ్లయింది. నాయనను రోజూ ఎత్తి కూర్చోబెట్టేది అమ్మే.