లెఫ్సా నానబెట్టే పిండి కాదు

నా భార్య పోయి ఏడాది అయినప్పుడు అమెరికాలో, క్యారీ ఊళ్లోని మా తెలుగు చర్చివాళ్లు జ్ఞాపకార్థ కూడిక పెడతామన్నారు. నేను ఒక్కటే అడిగాను. బల్ల మీద ఆమె చేసే పద్ధతిలో చేసిన లెఫ్సా, అంటే నార్వేవాళ్ల బంగాళాదుంప రొట్టె, ఉండాలి. ఇంకేమీ వద్దన్నాను.

ఆమెది మిన్నెసోటా. ముత్తాతలు నార్వే నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. ఈస్టర్‌కు ఆమె ఏలకుల బన్నులు తెస్తే, పాయసం వాసన వస్తోందని మావాళ్లు మురిసేవారు, ఆ వెంటనే పైన ఐసింగ్ ఏదని అడిగేవారు. వేసవిలో పలచటి వాఫుల్స్, పుల్లటి క్రీమ్‌తో. క్రిస్మస్‌కు ఏడు రకాల బిస్కెట్లు, ఏడూ ఇంచుమించు ఒకే గోధుమరంగు. కాస్త రంగు పడితే బాగుండేదని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. ఆయన ఇంట్లో పుట్టినరోజు కేకు నీలంగా ఉంటుంది. తిన్నాక పిల్లల పళ్లు కూడా.

నవంబరులో లెఫ్సా. ఉడికించిన బంగాళాదుంపను గడ్డలు లేకుండా మెదిపి, వెన్న, క్రీమ్ కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మైదా మర్నాడు, ఒత్తే ముందే కలపాలి. పలచగా ఒత్తి, నూనె వేయని పెనం మీద కాల్చి, వెన్న రాసి, చక్కెర చల్లి, చుట్టి తినడమే. అంతకుమించి ఏమీ లేకపోవడమే మావాళ్లకు నచ్చదు.

చర్చిలో వంటలు చూసే సిస్టర్ ఇదంతా విని నవ్వింది. "మన ఆలూ పరాఠానే కదా అన్నయ్యగారూ. మసాలా మర్చిపోయారంతే. మీరు టెన్షన్ పడకండి, నేను హ్యాండిల్ చేస్తా."

కూడికకు ముందురోజు నేనే దుంప మెదిపి, సగం ఆవిడకిచ్చి, మైదా చివర్లో కలపమని చెప్పాను. నమ్మకం కుదరక మిగతా సగం నా ఫ్రిజ్‌లోనే ఉంచుకున్నాను.

ఆవిడ పొద్దున్నే మైదా వేసి, బాగా పిసికి, తడిగుడ్డ కప్పి నానబెట్టింది. చపాతీ పిండికి అది మేలు. ఈ పిండి నానేకొద్దీ నీరు వదులుతుంది. నేను వెళ్లేసరికి గిన్నెలో పోస్టర్లంటించే జిగురు తయారై ఉంది. ఆవిడేం కంగారు పడలేదు. బియ్యప్పిండి, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి నూనెలో వేయించింది. ఒక్కోదానికీ ఒక చిన్న నార్వే జెండా గుచ్చింది. నా భార్య నార్వే ఎన్నడూ చూడలేదు.

ప్రార్థన అయ్యాక అందరూ జెండాలకు ఫొటోలు తీశారు. అచ్చం ఆంటీ చేసినట్టే ఉన్నాయని పిల్లల చేత కూడా అనిపించారు.

"ఎలా ఉన్నాయి అన్నయ్యగారూ?" అని సిస్టర్ అడిగింది.

"వడలు బాగున్నాయి," అన్నాను. "లెఫ్సా ఏదీ?"

"అదేంటండీ, ఇదే కదా."

మర్నాడు ఇంట్లో మిగిలిన దుంపకు మైదా కలిపి వెంటనే ఒత్తాను. మొదటిది పెనం మీదే చిరిగింది. తర్వాతది ఒకవైపు మందం. ఆ తర్వాతవి ఫరవాలేదు. ఆమె చేసినంత పలచగా రాలేదు కానీ, రుచి అదే. మడిచి, ఆమెలాగే గుడ్డ కప్పి ఉంచాను.

మధ్యాహ్నం సిస్టర్ నా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. ఒకటి చుట్టి పెట్టాను. నిలబడే తిన్నది.

"ఇందులో ఏమీ లేదు కదా అన్నయ్యగారూ," అంది.

"లేదమ్మా," అన్నాను.

సిస్టర్ గుడ్డ తొలగించి, ఇంకొకటి తనే తీసుకుంది.