గంజి పెట్టిన తూటాలు

ఆ రోజుల్లో కొత్తకోడలి పనితనాన్ని కజ్జికాయ అంచు చూసి తేల్చేసేవారు. నూనెలో వేశాక ఒక్కటి విచ్చుకుందా, ఆ పిల్లతోపాటు పుట్టింటివారందరికీ కలిపి మాట వచ్చేది. తాడేపల్లిగూడెంలో మా అమ్మ నేర్పిన చలవవల్ల నా కజ్జికాయ ఏనాడూ విచ్చుకోలేదు. ఆ గర్వమే నన్ను తుపాకి తూటాల దాకా తీసుకెళ్ళింది. ఇప్పుడు నవ్వుకుంటున్నాను గానీ అప్పుడు మాత్రం ఒక పెద్దమనిషి కొంప ముంచినంత పని చేశాను.

ఆ పెద్దమనిషి మా మావయ్యగారు. ఏలూరులో కాలువల ఓవర్సీరుగా చేసి, నేను కాపరానికి వచ్చిన ఏడే రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు సైకిలు మీద గట్లన్నీ తిరిగిన మనిషికి పడక్కుర్చీ మిగిలింది. దాంతోపాటు ఒక రెండు గొట్టాల తుపాకి. ఏటా క్రిస్మస్ ముందు కైకలూరు వెళ్ళి, అక్కడ కాంపౌండరుగా ఉన్న స్నేహితుడితో కలిసి కొల్లేట్లో బాతుల్ని కొట్టుకొచ్చేవారు. పండగనాడు మా వీధిలో సగం ఇళ్ళకు ఆ కూర వెళ్ళేది. కొన్న తూటాలు ఆయన కంటికి ఆనేవి కావు. పేలిన కాగితపు గొట్టాలనే దాచి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీలు పెట్టి, తుపాకి మందు పోసి, బిరడా దింపి, సీసపు గుళ్ళు నింపి, పైన ఒక అట్టబిళ్ళ పెట్టేవారు. ఆఖరిపని మూతి మడవడం. బల్ల అంచుకు బిగించిన చిన్న ఇత్తడి మిషనులో తూటా పెట్టి పిడి తిప్పితే, గొట్టం మూతి గుండ్రంగా లోపలికి మడతపడి అట్టబిళ్ళను పట్టి ఉంచేది.

ఆ ఏడు ఆ మడత నిలవలేదు. తూటా కాస్త వంచితే చాలు, అట్టబిళ్ళ ఊడేది, గుళ్ళన్నీ ఆవాలు ఒలికినట్టు వరండా అంతా దొర్లేవి. (అత్తయ్యగారు గోలపెట్టేవారు: “నిన్న పప్పులో వచ్చాయండీ. ఉన్నవే నాలుగు పళ్ళు. ఒకటి ఊడిందంటే ఆ పాపం మీదే!”) మావయ్యగారు మొదట గాలిలో చెమ్మ అన్నారు. గొట్టాల్ని ఎండలో పెట్టారు. కుదరలేదు. కాగితం పాతదైందన్నారు, బిరడా మందం చాలదన్నారు, మిషనుకు ఆముదం రాశారు. నేను వరండాలో బియ్యం ఏరుతూ అసలు సంగతి చూశాను. పిడి తిప్పేటప్పుడు ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. మూతి ఒకవైపు మడతపడేది, రెండోవైపు నిలబడే ఉండేది. ఆయన ఎడమచేత్తో ఆ చేతిని అదిమిపట్టి, ఎవరైనా చూశారా అని ఇటు తిరిగేవారు. నేను చేటలో లేని రాయి ఏరేదాన్ని.

“ఈసారి గనక కుదరలేదంటే తుపాకి కాంపౌండరుగారికిచ్చేస్తానే. ముసలాణ్ణి, నాకెందుకు?” అన్నారు ఒకరోజు అత్తయ్యగారితో, పాత చెప్పులు ఇచ్చేస్తున్నంత తేలిగ్గా. ఆ పూట మజ్జిగన్నం కలిపి, తినకుండానే లేచిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా ఇరవై తూటాల పెట్టె ముందేసుకు కూచున్నాను. కజ్జికాయకు నీళ్ళ తడి చాలు. ఇది కాగితం కదా, పట్టు ఎక్కువ కావాలని నా తెలివి నాకు చెప్పింది. పొయ్యి పక్కన గంజి ఉంది. (మావయ్యగారి చొక్కాలకు అదే పెట్టేదాన్ని. చొక్కా నిలబడితే తూటా ఎందుకు నిలబడదు?) మూతులకు చిక్కటి గంజి రాసి, బొటనవేలితో అంచు నొక్కి, మిషనులో పెట్టి నా బలమంతా వేసి తిప్పాను. తలకిందులు చేసి ఊపితే ఒక్క గుండు రాలలేదు. మావయ్యగారు లేచి చూసి, “చూశావుటే! నేను చెప్పలా, అంతా చెమ్మేనని? ఎండ తగిలేసరికి బిగిశాయి!” అని అత్తయ్యగారిని కేకేశారు. నేను లోపల పళ్ళెం అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

నేను కొల్లేరు చూడలేదన్నానని నన్నూ అత్తయ్యగారినీ కైకలూరు తీసుకెళ్ళారు. అత్తయ్యగారు కాంపౌండరుగారింట్లో ఉండిపోయారు. నేను టిఫిను కారియరుతో పడవెక్కాను. తుంగ చాటునుంచి బాతులు గుంపుగా లేచాయి. మావయ్యగారు తుపాకిని మధ్యకు వంచి తెరిచి తూటా పెట్టారు. సగం దిగి ఆగిపోయింది. ఇంకోటి తీశారు. అదీ అంతే. గంజి పీల్చిన కాగితం ఉబ్బి, నేను మరీ గట్టిగా తిప్పిన మూతి పక్కలకు పొంగి, ఏ ఒక్కటీ గొట్టంలోకి దూరడం లేదు. ఇరవైకి ఇరవై.

“ఏవండీ ఓవర్సీరుగారూ, బాతుల్ని కాసేపు కూచోమని చెప్పమంటారా?” అన్నారు కాంపౌండరుగారు.

“దిగ్గొట్టడానికి తెడ్డు ఇమ్మంటారా బాబూ?” అన్నాడు పడవ నడిపే అతను, పాపం నిజంగానే.

మావయ్యగారు నవ్వలేదు. తుపాకిని పైపంచెతో తుడిచి స్నేహితుడి ఒళ్ళో పెట్టారు. “ఉంచండి. లైసెన్సు మార్పిద్దాం. నా చెయ్యి అయిపోయిందండీ,” అని అరచెయ్యి తిప్పి చూసుకున్నారు.

ఆ చూపు నేను భరించలేకపోయాను. “మీ చెయ్యి కాదండీ మావయ్యగారూ! నేనండీ! తూటాలకు గంజి పెట్టానండీ!” అన్నాను.

“గంజి పెట్టావా?”

“అవునండీ. పట్టుగా ఉంటుందని.”

ఆయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. కొంచెమే. గుళ్ళు రాలిపోయిన పాతవాటి సంగతి ఇంకా మిగిలి ఉంది కదా. నోటికొచ్చినట్టు ఒక అబద్ధం ఆడేశాను. “అంతకుముందువీ నా వల్లేనండీ. వరండా తుడుస్తూ మిషనును బల్లకు బిగించే మర కదిపేశాను. భయపడి చెప్పలేదు.”

ఆయన నావంక చాలాసేపు చూశారు. తరవాత పడవ ఊగేటట్టు నవ్వారు. “అలాగా! నేనింకా నా చెయ్యనుకున్నానమ్మాయ్! ఏదీ, ఇలా ఇవ్వండి కాంపౌండరుగారూ,” అంటూ తుపాకి లాక్కున్నారు. స్నేహితుడి తూటాలు పెట్టి మూడు బాతుల్ని కొట్టారు.

ఇంటికొచ్చాక నన్ను బల్ల దగ్గరకు పిలిచారు. “ఆ మర మళ్ళీ కదులుతుందేమో. పిడి నువ్వు తిప్పు, కొలత నేను చెబుతాను. తక్కువైతే రాలుతుంది, ఎక్కువైతే ఉబ్బుతుంది. గంజి మాత్రం చొక్కాలకే ఉంచు,” అన్నారు. ఆయన పోయేదాకా ఆరేళ్ళు తిప్పాను. కాలువ గట్టున తొండ బొక్క కూడా వదలని ఓవర్సీరుగారిని ఎంత నమ్మించానని ప్రతి డిసెంబరులోనూ లోలోపల పొంగిపోయేదాన్ని.

ఆయన పోయిన ఏడాదికి, ఉండబట్టలేక, ఆ అబద్ధం సంగతి అత్తయ్యగారికి చెప్పేశాను. ఆవిడ వత్తి చేస్తున్నట్టు కొంగు చివర నలిపారు.

“ఆ మర ఆయన రోజూ బిగించుకునే కూచునేవారే. ఒకరికి చెయ్యి తగలనిచ్చేవారా? ఆ రోజు పడవ దిగి రాగానే నాతో అన్నారు, ‘పిల్లకి అబద్ధమాడ్డం బొత్తిగా చేతకాదు. నువ్వు తెలిసినట్టు ఉండకు. దానివల్ల నా తుపాకి నాకు దక్కింది’ అని.”

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఇన్నేళ్ళయినా, పెదవి కొరుక్కుంటూ, అందర్నీ నమ్మించేశానన్న ధీమాతో ఆయన ఎదుట కూచుని పిడి తిప్పిన ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల గుర్తొస్తే నాకు ముద్దొస్తుంది. ఆయనకీ అలాగే అనిపించి ఉంటుంది.